‘వెనకరా’ అన్నాడు, వెనక్కి వెళ్లి చచ్చాను: స్క్వాడ్‌లో మైక్ మర్యాద మీరెలా పాటిస్తారు?

నాలుగో_నంబరు
శనివారం, రాత్రి 12:47

నిద్ర పట్టక రాస్తున్నా. మాది నలుగురి స్క్వాడ్. కాకినాడలో ఇంటర్ చదివేప్పటి నుంచి కలిసే ఆడుతున్నాం. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్ బ్యాన్ అయితే కొన్నాళ్లు లూడో ఆడుకున్నాం. 2021 జులై 2న బీజీఎంఐ పేరుతో వచ్చిన రోజే మళ్లీ లాబీలో కలిశాం. 2022 జులైలో అది స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చేదాకా కూడా మా గ్రూపు చెక్కుచెదరలేదు. ప్రభుత్వం విడగొట్టలేని స్క్వాడ్‌ని నిన్న రాత్రి ఒక్క మాట విడగొట్టింది.

ఎరాంగెల్ మ్యాప్, రోజోక్ ఊరి పక్కన గుట్ట మీద చివరి జోన్ (ఆట కుదించుకుంటూ వచ్చే ఆఖరి వలయం). మేం నలుగురం, అవతల ఇంకో నలుగురు, అంతే మిగిలాం. నేను చెట్టు చాటున హీల్ కొట్టుకుంటున్నా (పోయిన ప్రాణం నింపుకుంటున్నా). మా రెండో నంబరు (ఆటలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, నాది నాలుగు) ఒక్కసారిగా “వెనకరా!” అని అరిచాడు. వెనక్కి రమ్మంటున్నాడు అనుకుని చెట్టు వదిలేసి వాడున్న గోడ వైపు పరిగెత్తా. నాలుగడుగులు కూడా వెయ్యలేదు, నాక్, అంటే తగిలి కింద పడ్డా. ఎనిమీ నా వెనకే ఉన్నాడు. వాడు చెప్పింది అదన్నమాట: “వెనక, రా” అని. రమ్మనడం కాదు, ఒరేయ్ అనడం!

తర్వాత వాడూ పోయాడు, మూడో నంబరూ పోయాడు. ఒకటో నంబరు ఒక్కడే ఇద్దరి మీద మిగిలాడు. చచ్చిన ముగ్గురం వాడి తెర చూస్తూ ఒకడు “లెఫ్ట్ లెఫ్ట్” అని, ఒకడు “నేడ్ వెయ్” (గ్రెనేడ్) అని, ఒకడు (నేనే) “ముందు హీల్ కొట్టరా” అని గోల. వాడు ఇయర్‌ఫోన్స్ పీకేసి “మీరే ఆడుకోండి” అన్నాడు. రెండో ప్లేస్.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఎవరి తప్పు అనే పంచాయితీ. రెండో నంబరు వాట్సాప్ గ్రూప్ నుంచి వెళ్లిపోయాడు. పొద్దున్నుంచి ఫోన్ ఎత్తట్లేదు.

మీ స్క్వాడ్‌లలో మైక్ మీద ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు అని ఏమైనా మాటనుకున్నారా? లేక అందరిదీ మా చేపల మార్కెట్టేనా?

లూట్_మాత్రమే
రాత్రి 12:55

చేపల మార్కెట్‌లో కూడా ధర ఒక్కడే అరుస్తాడు బ్రో.

ఎనుక_సీటు
రాత్రి 1:20

అన్నా, నీ పోస్ట్ సదివి నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చింది. మాది వరంగల్. గీ ‘రా’ లొల్లి మాక్కూడ ఉన్నది. గని ‘రా’ ఒక్కటే గాదు, మన భాషల ఇంక చానా ఉన్నయి.

‘పడ్డడు’ అంటరు. ఎవడు? మనోడా, అవతలోడా? తెలుగుల పేరు చెప్పకుంటనే మాట నడుస్తది, ఇంట్ల కూసొని మాట్లాడుకుంటే ఎదురుంగ మనిషి కనవడ్తడు కాబట్టి ఫరక్ పడది. మైక్‌ల కనవడడు గదా. మా మూడో నంబరు “పడ్డడు పడ్డడు” అనంగనే ఎనిమీ నాక్ అయిండనుకొని నేను రష్ జేసిన, మీదికి ఉర్కిన. పడ్డది మా తమ్ముడే. ఎనిమీ నిలవడి నాకోసమే సూస్తున్నడు.

‘పోయిండు’ ఇంకా ఖతర్నాక్. సచ్చిండా? ఆడికెళ్లి ఉర్కిండా? నెట్ పోయిందా? మూడింటికీ పోయిండే అంటం.

‘అయిపోయింది’ అంటే బుల్లెట్లు అయిపోయినయా, ఫైట్ అయిపోయిందా, మన పని అయిపోయిందా?

అందుకే మేం ‘సచ్చిండు’ అంటే ఎనిమీ సచ్చినట్టే అని ఫిక్స్ జేసుకున్నం. మనోడు పడితే వాడే చెప్పాలె: “నేను నాక్” అని. వాడి సంగతి ఇంకోడు చెప్పొద్దు. గీ ఒక్కటి వెట్టుకున్నంక సగం లొల్లి తగ్గింది.

రిడ్జ్_రాజకీయం
ఆదివారం, ఉదయం 8:10

పైన చెప్పింది బంగారం. దానికి నా వంతు కలుపుతా. రెండేళ్లు కాలేజీ టోర్నమెంట్లలో ఐజీఎల్‌గా ఆడా. ఐజీఎల్ అంటే ఆటలో స్క్వాడ్‌ని నడిపే లీడర్. పెద్ద ప్లేయర్‌ని కాదు గానీ నలుగురి నోళ్లు కట్టేసిన అనుభవం ఉంది.

కాల్ (ఎనిమీ ఎక్కడో, ఏం చెయ్యాలో మైక్‌లో చెప్పే మాట) ఇచ్చేటప్పుడు మొదటి మాట విన్నవాడు ఏం చెయ్యాలో తెలియాలి. మనం మామూలుగా ఏం చేస్తాం? “అరే అరే అరే, ఒరేయ్, అదిగోరా, అక్కడ్రా, ఆ చెట్టు దగ్గర, చూశావా, వాడే, ఇద్దరున్నార్రా.” పనికొచ్చే ముక్క చివర్లో వచ్చింది. అప్పటికి ఆ ఇద్దరూ చెట్టు మారిపోయారు. ‘అక్కడ’ అనేది అసలు కాల్ కాదు. నీ తెర నాకు కనపడదు. ‘ఎడమ’ కూడా అంతే, నువ్వు ఉత్తరం చూస్తున్నావ్, నేను దక్షిణం చూస్తున్నా, మనిద్దరి ఎడమలు ఎదురెదురు.

మేం అలవాటు చేసుకున్నది ఇది. ముందు దిక్కు, తర్వాత గుర్తు, తర్వాత ఎంతమంది, ఆఖరున వాడి పరిస్థితి. “240, ఎర్ర ఇల్లు, ఇద్దరు, ఒకడికి రెండు తగిలాయి.” ఇంతే. మూడు సెకన్లు పట్టదు. తెర పైన కంపాస్‌లో 0 నుంచి 360 దాకా అంకెలు ఉండేది ఇందుకే. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270.

ఇక్కడే ఒక మెలిక. డిగ్రీ చెప్పడం నలుగురూ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే పనికొస్తుంది. నేను పోచింకి ఊళ్లో, నువ్వు అర కిలోమీటరు అవతల ఉంటే అదే ఎనిమీ నాకు 240, నీకు 100 కావచ్చు. యూట్యూబ్‌లో చూసి అంకెలు అరవడం మొదలుపెట్టిన స్క్వాడ్‌లన్నీ ఇక్కడే దెబ్బ తింటాయి. విడిపోయి ఉంటే గుర్తు చెప్పు, లేదా మ్యాప్ మీద మార్కర్ పెట్టి “మూడో నంబరు మార్క్” అను. ఎనిమీ ఎవరికి దగ్గరో వాణ్ణి పట్టుకుని చెప్పడం ఇంకా మంచిది: “రెండో నంబరూ, నీ కొండ కింద ఒకడు.”

చచ్చినవాడి సంగతి. చచ్చినవాడికి ఒక్క వాక్యం హక్కు. ఎవరు కొట్టారు, ఎక్కడి నుంచి, వాడికి ఎంత తగిలింది. ఆ వాక్యం అయ్యాక మైక్ మ్యూట్. అడిగితేనే మాట్లాడాలి. చివర మిగిలినవాడు చెవులతో ఆడుతుంటాడు, అడుగుల చప్పుడే వాడి ప్రాణం. నువ్వు “నేడ్ వెయ్” అన్న క్షణంలోనే అవతలివాడు గడ్డి మీద నుంచి చెక్క మెట్టు ఎక్కుతాడు. ఆ ‘టక్’ నీ అరుపులో కలిసిపోతుంది. ఇక్కడ నువ్వు నీ టీమ్‌మేట్‌కి సాయం చేయట్లేదు, స్మోక్ వేస్తున్నావ్. వాడి చెవుల్లో.

నాలుగో నంబరూ, క్షమించు గానీ నీ కథలో నాకు అన్నిటికంటే తప్పనిపించింది ‘వెనకరా’ కాదు, ఆ “ముందు హీల్ కొట్టరా”.

నాలుగో_నంబరు
ఉదయం 8:31

తెలుసు. అది రాసేటప్పుడే సిగ్గేసింది.

సీమ_స్నైపర్
ఉదయం 9:05

ఏమప్పా, మీరు చెప్పేదంతా ఇంటే ఆట మాదిరి లేదు, డ్యూటీ మాదిరి ఉంది. పొద్దంతా ఆఫీసులో మీటింగులు, రాత్రికి ఈడ గూడా మీటింగేనా? మేం నలుగురం అనంతపురం పిలకాయలం, ఇప్పుడు నాలుగు ఊర్లలో ఉండాం. ఆ గంటన్నర అరుచుకునేకే ఆడేది. చికెన్ డిన్నర్ (గెలుపు) వస్తే వచ్చె, రాకుంటే పాయె. నిశ్శబ్దంగా గెలిచేదాని కంటే గోల చేసి ఓడిపోతేనే నిద్ర బాగా పడతాది మాకు.

ఎవరికీ కోపం రాకుంటే ఏ మాటైనా మర్యాదే.

రిడ్జ్_రాజకీయం
ఉదయం 9:12

నలుగురూ అలా అనుకుంటే మీరు చెప్పిందే రైట్, ఇక వాదన లేదు. గొడవ ఎక్కడొస్తుందంటే ముగ్గురు గోలకి వచ్చి, ఒకడు ర్యాంక్ పుష్ చేద్దామని వచ్చినప్పుడు. స్టార్ట్ నొక్కే ముందే ఒక మాట అనుకుంటే సరిపోతుంది: “ఇవాళ సీరియస్సా, సరదాయా?” మేం సరదా మ్యాచ్‌లకి పేరు కూడా పెట్టుకున్నాం, ‘టీ బ్రేక్’ అని. టీ బ్రేక్‌లో ఎవడేం వాగినా కేసు లేదు.

గల్లీ_నాన్‌స్ట్రైకర్
ఉదయం 10:40

వీడియో గేమ్స్ నాకు అంత రావు, తమ్ముడితో అప్పుడప్పుడూ ఆడతా. కానీ ఈ గొడవంతా చదువుతుంటే క్రికెట్ గుర్తొస్తోంది. రన్నింగ్‌లో మూడే మాటలు: ఎస్, నో, వెయిట్. నాలుగోది లేదు. అందులోనూ ఎవరు పిలవాలో ముందే తెలుసు. బంతి ముందుకు పోతే స్ట్రైకర్ పిలుపు, వెనక్కి పోతే నాన్‌స్ట్రైకర్ పిలుపు. ఇద్దరూ పిలిస్తే ఒకే ఎండ్‌లో ఇద్దరూ తేలతారు.

మా స్కూల్ గ్రౌండ్‌లో పీఈటీ సార్ ఒకటే చెప్పేవారు: “పిలుపు మార్చుకోవద్దు. తప్పు పిలుపైనా ఇద్దరూ పరిగెత్తితే సగం సార్లు బతుకుతారు.” మీ ఆటలో కూడా ఇదే కదా? రష్ అన్నాక రష్. మధ్యలో “వద్దు వద్దు ఆగు” అనేవాడే ముగ్గుర్ని చంపుతాడు.

ఎనుక_సీటు
ఉదయం 10:48

గిది అసలు పాయింట్. తప్పు ప్లాన్ నలుగురు జేస్తే నడుస్తది, మంచి ప్లాన్ ఇద్దరు జేస్తే నడవది.

నీలి_జోన్
మధ్యాహ్నం 2:15

అందరూ మాటల స్పష్టత గురించి మాట్లాడుతున్నారు. నేను దానికి ముందు మెట్టు గురించి చెబుతా: అసలు మైక్ ఆన్ చేయగలగడం.

నాది గుంటూరు, నాలుగేళ్లుగా ఆడుతున్నా. స్నేహితులు ఆన్‌లైన్‌లో లేకపోతే ర్యాండమ్స్‌తో, అంటే తెలియనివాళ్లతో వెళ్తా. “మార్క్ చేశా, ఇక్కడ దిగుదాం” అంటాను. నా గొంతు వినగానే వచ్చే మొదటి ప్రశ్న “అమ్మాయివా?” రెండోది “ఏ ఊరు?” మూడోది ఇన్‌స్టా ఐడీ. ఎక్కడ దిగాలి అన్నదానికి మాత్రం జవాబు రాదు.

తర్వాత రెండు దారులు. ఒకటి, నేను అడక్కుండానే లెవెల్ 3 హెల్మెట్ నా కాళ్ల ముందు పడేసి, నా వెనకే తిరుగుతూ, నేను తలుపు తీస్తే వాడే ముందు దూరి చావడం. రెండు, బూతులు. బయటికి మొదటిది మర్యాదలా కనిపిస్తుంది. కానీ ఆట ఆడనివ్వకపోవడంలో రెండూ ఒకటే. అందుకే చాలామంది అమ్మాయిలు మైక్ ఆపేసి, పేరు మార్చుకుని ఆడతారు. నేనూ ఏడాది పాటు అలాగే ఆడా. కాల్స్ ఇవ్వగలిగి కూడా నోరు మూసుకుని ఆడటం ఎంత చిరాకో ఎలా చెప్పను.

సాయం చేయాలనుకునేవాళ్లు ఒక తప్పు చేస్తారు: నా తరఫున వాడితో యుద్ధం మొదలుపెడతారు. “ఏంట్రా అమ్మాయితో అలాగేనా మాట్లాడేది” అని. ఇక మ్యాచ్ అంతా వాళ్లిద్దరి తిట్లే. మధ్యలో నా గురించే పంచాయితీ, నేనక్కడ లేనట్టు.

నాకు బాగా గుర్తుండిపోయింది వేరే. ఒకసారి ఇద్దరు అలాగే మొదలుపెట్టారు. మూడోవాడు వాళ్లకి ఏ సమాధానమూ ఇవ్వకుండా, చాలా మామూలుగా, “ఒకటో నంబరూ, నా దగ్గర 5.56 బుల్లెట్లు నూట యాభై ఎక్కువున్నాయి, కావాలా? జోన్ స్కూల్ వైపు పడింది” అన్నాడు నాతో. నేను “కావాలి, రెండో అంతస్తులో ఉన్నా” అన్నా. అంతే, సంభాషణ ఆట మీదకి వచ్చేసింది. రెండు నిమిషాల్లో మిగతా ఇద్దరూ కూడా కాల్స్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ అబ్బాయి ఎవరో నాకు తెలియదు, ఫ్రెండ్ రిక్వెస్ట్ కూడా పంపలేదు. అందుకే ఇంకా గుర్తున్నాడు.

సర్దుకోనివాళ్లు ఉంటే మ్యూట్, రిపోర్ట్, మళ్లీ ఆట. వాదించను.

వేదిక_నిర్వాహకులు
మధ్యాహ్నం 2:50

పై పోస్ట్ కింద వచ్చిన రెండు జవాబులు తీసేశాం. అందులో ఒకటి ఇన్‌స్టా ఐడీ అడుగుతూ వచ్చింది. ఏమనాలో మాకే తెలియలేదు.

లూట్_మాత్రమే
మధ్యాహ్నం 2:58

పోస్ట్ చదివి మరీ అడిగాడా 🙏

మాటలేని_మార్కర్
సాయంత్రం 4:30

నాకు కుడి చెవి దాదాపు వినపడదు, ఎడమ చెవి సగం. మైక్ పెట్టను. పెట్టినా మీరు చెప్పింది నాకు అర్థం కాదు. మ్యాచ్ మొదలవగానే “మైక్ ఆన్ కర్ భాయ్”, “మైక్ లేని నూబ్” అని చాట్‌లో వస్తుంటాయి. టైప్ చేసి చెప్పేలోపు ఆటలో విమానంలోంచి దూకే టైమ్ అవుతుంది.

కాబట్టి నా మొర ఒకటే: మార్క్ చెయ్యండి. మీరు నోటితో చెప్పినా సరే, వేలితో కూడా మార్క్ చెయ్యండి. ఎపెక్స్ లెజెండ్స్ అనే ఆట 2019 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు దాని పింగ్ పద్ధతి చూసి నేను నిజంగా సంబరపడ్డా. ఒక బటన్‌తో ఎనిమీని చూపించొచ్చు, అదే బటన్‌తో తుపాకీని చూపిస్తే అదేం తుపాకీయో టీమ్‌కి తెలుస్తుంది, ‘అది నాకు’ అని కూడా చెప్పొచ్చు. అందులో ముగ్గురి స్క్వాడ్. ముగ్గురిలో ఒక్కరికీ మైక్ లేకుండా గెలిచిన మ్యాచ్‌లున్నాయి నావి. బీజీఎంఐలో కూడా మార్కర్ ఉంది, రెడీమేడ్ మెసేజ్‌లు ఉన్నాయి. ఎక్కువమంది ముట్టుకోరంతే.

ఇంకో లాభం చెప్పనా, మార్కర్‌కి ‘రా’ ఉండదు.

అయితే దానికీ మర్యాద ఉంది. ఒకే చోట పదిసార్లు పింగ్ కొట్టేవాడు మైక్‌లో అరిచేవాడికి అన్న. నాకు వినపడకపోయినా చూడగానే తలనొప్పి వస్తుంది.

రిడ్జ్_రాజకీయం
సాయంత్రం 4:44

“మార్కర్‌కి రా ఉండదు.” ఇది మా గ్రూప్ డిస్క్రిప్షన్‌లో పెట్టేశా. మీ పేరుతోనే.

ఇందూరు_నాన్న
సాయంత్రం 6:20

నమస్తే అందరికీ. నాకు 44 ఏళ్లు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడు ఏం ఆడుతున్నాడో చూద్దామని కూర్చుని నేను ఇరుక్కుపోయాను. ఇప్పుడు వాడి స్క్వాడ్‌లో నాలుగోవాడు రాకపోతే నన్నే పిలుస్తారు. బీజీఎంఐలో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి రోజుకి 3 గంటలే కదా, ఆ గడువు దగ్గర పడితే కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదని మా ఇంట్లో రూలు. మధ్యలో వదిలేసి పోతే మిగతా ముగ్గురికి అన్యాయం.

‘రా’ గురించి నా అనుభవం వేరు. మొదట్లో పిల్లలు నాతో “అంకుల్, దయచేసి కొంచెం వెనక్కి రండి, అక్కడ ఎనిమీ ఉన్నారు” అనేవారు. ఎనిమీకి కూడా మర్యాదే! ఆ వాక్యం పూర్తయ్యేసరికి నేను చచ్చి పెట్టెలో ఉండేవాణ్ణి. నేనే చెప్పాను, ఆటలో అంకుల్ వద్దు, మీరు వద్దు, ‘నాలుగు’ అని పిలవండి అని. ఇప్పుడు “నాలుగు, కూర్చో!” అంటాడు పక్కింటి పిల్లాడు. కూర్చుంటాను. మ్యాచ్ అయిపోగానే “అంకుల్, ఆంటీ ఉన్నారా, అమ్మ పెరుగు తోడు అడగమంది” అంటాడు.

తెలియని వాళ్లతో మాత్రం ఇబ్బందే. మొన్న ఎవరో పిల్లవాడు, గొంతు కూడా ఇంకా మారలేదు, “నువ్వు బాట్‌వి రా, గేమ్ డిలీట్ చేసుకో” అన్నాడు. “సరే, ముందు నిన్ను రివైవ్ చేసి తర్వాత చేసుకుంటాను” అన్నాను. ఆ పది సెకన్లూ ఏమీ మాట్లాడలేదు పాపం. లేచాక “థాంక్యూ అన్నా” అన్నాడు.

నా అభిప్రాయం ఏమిటంటే, పిలుపులో మర్యాద తగ్గినా ఫర్వాలేదు. “నువ్వు ఎడమ వైపు చూడలేదు” అంటే ఆట మాట. “నీకు ఆట రాదు” అంటే మనిషి మీద మాట. పిల్లలకి ఈ తేడా ఆటలోనే నేర్పవచ్చని ఇన్నాళ్లూ తెలియదు నాకు.

డల్లాస్_డిఫ్యూజర్
సాయంత్రం 7:05

అంకుల్, సారీ, నాలుగు గారూ, ఆ రివైవ్ కథ అద్భుతం.

నేను వాలరెంట్ (ఇంకో తుపాకుల ఆట) వైపు నుంచి చెబుతా. అందులో రౌండ్లు ఉంటాయి కాబట్టి ఈ మైక్ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. 13 రౌండ్లు గెలవాలి. రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య తుపాకులు కొనుక్కునే కాస్త టైమ్ ఉంటుంది. మాట్లాడుకోవాల్సిందంతా అప్పుడే. “ఈసారి డబ్బు దాచుకుందాం”, “అందరం బీ సైట్‌కి పోదాం” లాంటివన్నీ. రౌండ్ మొదలయ్యాక కాల్స్ మాత్రమే. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం పోయిన రౌండ్ పంచాయితీ ఈ రౌండ్‌లో పెట్టడం వల్ల వచ్చినవే.

అంకెలు చెప్పడం అక్కడ చాలా పని చేస్తుంది. పూర్తి ఆరోగ్యం 100, పెద్ద కవచం ఉంటే ఇంకో 50. “సేజ్‌కి 120 కొట్టా” అంటే సేజ్ అనే ఆ పాత్రకి 30కి మించి మిగల్లేదని అందరికీ తెలుస్తుంది. “సేజ్ లో హెల్త్, సేజ్ చాలా లో, బుల్లెట్ ముట్టుకుంటే పోతుంది” అని చెప్పి తీరా చూస్తే 18 కొట్టిన మహానుభావులు ఉన్నారు. వాళ్ల మాట నమ్మి ఎగబడి చచ్చాక ఇంకెప్పుడూ వాళ్ల కాల్ నమ్మం. అబద్ధం కాదు, ఉత్సాహం. కానీ ఫలితం ఒకటే.

క్లచ్‌లో, అంటే ఒక్కడే మిగిలి ఆడేటప్పుడు, నిశ్శబ్దం గురించి పైన చెప్పారు. మా ఆటలో దానికి లెక్క ఉంది. స్పైక్ (బాంబు) పెట్టాక 45 సెకన్లకి పేలుతుంది. తీయడానికి 7 సెకన్లు. అవతలివాడు తీస్తున్నాడా, తీస్తున్నట్టు నటిస్తున్నాడా అన్నది చప్పుడు బట్టే తెలియాలి. సగం తీశాక, అంటే మూడున్నర సెకన్ల దగ్గర, ఆపి మళ్లీ మొదలుపెట్టినా ఆ సగం పోదు. ఇదంతా చెవితో లెక్కపెడుతున్నవాడికి “యు గాట్ దిస్ బ్రో” అని ధైర్యం చెప్పడం కూడా అడ్డమే.

మాకు ఇంకో చిక్కు కూడా ఉంది. నేను ఇక్కడ, ముగ్గురు హైదరాబాద్‌లో. వాళ్ల రాత్రి పదిన్నర నా మధ్యాహ్నం పన్నెండు, చలికాలంలో పదకొండు. శనివారం మాత్రమే కుదురుతుంది. ముంబై సర్వర్‌కి నాకు 200 దాటుతుంది ఆలస్యం. నేను “వస్తున్నాడు” అనేలోపు వాళ్లకి వచ్చేశాడు. అందుకే నేను ముందుండను, కాల్స్ ఇవ్వను, స్మోక్‌లు వేసే ఏజెంట్ తీసుకుని చెప్పిన చోట వేస్తా. ఆలస్యంగా వచ్చే కాల్ కంటే కాల్ లేకపోవడమే నయం. మొదట్లో ఇది ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చింది. స్క్వాడ్‌కి లీడర్‌ని నేనే మరి, ఇండియాలో ఉన్నప్పుడు.

హాస్టల్_హాట్‌స్పాట్
రాత్రి 8:15

అందరూ పెద్ద పెద్ద విషయాలు చెప్పారు, నేను చిన్నవి చెప్తా. వీటి వల్ల జరిగే గొడవలే ఎక్కువ మా హాస్టల్లో.

ఒకే రూమ్‌లో ఇద్దరు కూర్చుని ఆడుతుంటే ఒకడి మైక్ చాలు. రెండూ ఆన్ ఉంటే ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది, మిగతా ఇద్దరికి పిచ్చెక్కుతుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైక్ ఆన్ చేయగానే చాలా ఫోన్లలో అది కాల్ మాట్లాడే మోడ్‌లోకి పోతుంది. ఆట చప్పుడు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది, అడుగులు వినపడవు. వంద రూపాయల వైరు ఇయర్‌ఫోన్ నయం.

ఇంట్లో ఆడేవాళ్లు మాట్లాడేటప్పుడే మైక్ నొక్కండి. మా ఒకడి మైక్ ఎప్పుడూ ఆన్. కుక్కర్ విజిల్, వాళ్ల నాయనమ్మ సీరియల్, కూరగాయల బండి, అన్నీ మాకు లైవ్. ఒకసారి ఫైట్ మధ్యలో “తలుపు తియ్యి, ఎవరో వచ్చారు” అని వాళ్ల అమ్మ గొంతు వినపడితే ముగ్గురం తలుపు వైపు గన్ పెట్టాం.

అమ్మ పిలిస్తే వెళ్లాల్సిందే, అది వేరే సంగతి. కానీ “రెండు నిమిషాలు లేను, బాత్రూమ్‌లో పడుకోబెట్టా” అని చెప్పి వెళ్లండి. (ఆటలో బాత్రూమ్.) చెప్పకుండా పోతే మేం వాడికి కవర్ ఇస్తున్నామనుకుని శవానికి కాపలా కాస్తాం.

ఎర్రవాడే_దొంగ
రాత్రి 8:40

ఒక మినహాయింపు. ‘చచ్చినవాడు ఒక్క వాక్యం చెప్పొచ్చు’ అన్న రూల్, మనలో హంతకుడెవడో కనిపెట్టే ఎమంగ్ అస్‌లో పెట్టారో, స్నేహం అక్కడితో ఆఖరు. 2020 లాక్‌డౌన్‌లో వీడియో కాల్‌లో ఆడుతుంటే మా బావ చచ్చిన వెంటనే “అబ్బా, నువ్వా!” అన్నాడు. ఒక్క మాటే. ఆ రౌండ్ అయిపోయింది.

నాలుగో_నంబరు
మంగళవారం, రాత్రి 11:10

అందరికీ థాంక్స్. అప్‌డేట్ ఇస్తున్నా.

ఆదివారం రాత్రి ముగ్గురమే ఆడాం, నాలుగోవాడిగా ర్యాండమ్. ఒడిశా అబ్బాయి, తెలుగు రాదు, హిందీ కొద్దిగా. అంకెలు, మార్కర్లు, “నాక్”, “హీల్”, “వెయిట్”. అంతే మా భాష. నిజం చెప్పాలంటే మేం ఇన్నేళ్లలో ఆడిన మ్యాచ్‌లన్నిటికంటే శుభ్రంగా ఆడాం. అది గమనించి ముగ్గురం కాసేపు మాట్లాడలేదు.

సోమవారం ఎనుక_సీటు గారి రూల్ పెట్టాం: ఎవడి చావు వాడే చెప్పుకోవాలి. పనిచేసింది. చచ్చాక ఒక్క వాక్యం అనేది మాత్రం రెండు మ్యాచ్‌లే ఆగింది. మూడో మ్యాచ్‌లో ఒకటో నంబరు చచ్చి, ఒక్క వాక్యమే చెప్పాడు, కానీ అది నిమిషం పాటు సాగింది. మధ్యలో ఎక్కడా క్రియ రాలేదు.

కాల్స్‌లో ‘రా’ తీసేయడం అన్నిటికంటే కష్టం. నోరు దానంతట అదే అనేస్తోంది. “240రా” అంటున్నాం.

రెండో నంబరు ఇంకా రాలేదు. ఈ లింక్ వాడికి పంపా. బ్లూ టిక్ పడింది.

రెండో_నంబరు
మంగళవారం, రాత్రి 11:52

కొత్త ఐడీ. దీని కోసమే చేశా.

మొత్తం చదివా. అందరూ కలిసి నా ‘రా’కి పోస్ట్‌మార్టం చేశారు, సంతోషం. ఇప్పుడు నా స్టేట్‌మెంట్ రాసుకోండి. నేను అన్నది రమ్మనే. ఒరేయ్ అని కాదు. “వెనక్కి రా” అన్నా. నీ వెనక వాడు తిరిగొస్తున్నది చూసి, నువ్వు వాళ్లకి కనపడకుండా నీకూ గోడకీ మధ్య స్మోక్ కూడా వేశా. నువ్వు సరిగ్గానే విన్నావ్, సరిగ్గానే అర్థం చేసుకున్నావ్. తర్వాత స్మోక్‌లోంచి రాకుండా దాని పక్కనుంచి చుట్టూ తిరిగి వచ్చావ్, ఎండలో, గన్ చేతిలో పట్టుకుని నడుచుకుంటూ. నా దగ్గర రికార్డింగ్ ఉంది.

గ్రూప్‌లోంచి వెళ్లింది దానికి కాదు. ఇరవై నిమిషాలు “నీ కాల్ వల్లే, నీ కాల్ వల్లే” అని ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. నేను చెప్పబోతే ప్రతిసారీ ఎవడో ఒకడు అడ్డొచ్చాడు.

లూట్_మాత్రమే
రాత్రి 11:54

😶

ఎనుక_సీటు
రాత్రి 11:58

గియ్యాల్టిదాంక గీ థ్రెడ్ అంతా ఒక్కని దిక్కే విన్నం అన్నట్టు.

నాలుగో_నంబరు
బుధవారం, రాత్రి 12:09

రికార్డింగ్ పంపు. లేదు, వద్దు. గుర్తొచ్చింది, స్మోక్ ఎనిమీది అనుకున్నా.

చెప్పేది ఏమీ లేదు. రేపు పదిన్నరకి లాబీలో ఉంటా. నువ్వు చెప్పేదంతా చెప్పేదాకా నా మైక్ మ్యూట్. రా.

రెండో_నంబరు
రాత్రి 12:11

ఇది ఏ ‘రా’?